బ్రేకు గెలిచింది... బాట ఓడింది

1955 జూన్ 11, శనివారం సాయంత్రం. ఫ్రాన్స్‌లోని లె మాన్ పట్టణ శివారు. చెట్ల మధ్య నుంచి తాడు పట్టి గీసినట్టు దాదాపు 6 కిలోమీటర్లు సాగే ముల్సాన్ రోడ్డు. మామూలు రోజుల్లో ఊళ్ల మధ్య రాకపోకలు సాగించే దారే. ఆ వేళ మాత్రం దాని మీద రెండు కార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తున్నాయి. ముందు ఆకుపచ్చది, వెనక వెండి రంగుది. కాసేపటికి వెండిది ముందు, ఆకుపచ్చది వెనక.

రోడ్డు చివర కుడివైపు గట్టి మలుపు. వెండి కారు డ్రైవరు చేతికింది మీట లాగాడు. అతని తల వెనక పెద్ద లోహపు రేకు పైకి లేచి గాలికి అడ్డంగా నిలబడింది. విమానం దిగేటప్పుడు రెక్కల మీద రేకులు లేస్తాయి చూడండి, ఆ పద్ధతే. కారు వెనక్కి గుంజినట్టయి నెమ్మదించింది. ఆకుపచ్చ కారుకు అలాంటి రేకేదీ లేదు. అయినా అది ఇంకా వేగం తగ్గించలేదు. వెండి కారు వెనకబడింది. ఆకుపచ్చది దాన్ని దాటుకుని, మలుపు మీద మీదకు వచ్చేశాక, అప్పుడు బ్రేకు మీద కాలేసింది. నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టుకున్నాయి. మలుపు తిరిగి వెళ్లిపోయింది.

ఆకుపచ్చది జాగ్వార్ డి-టైప్. నడిపేది ఇంగ్లండుకు చెందిన 26 ఏళ్ల మైక్ హాథార్న్. వెండిది మెర్సిడెస్-బెంజ్ 300 ఎస్ఎల్ఆర్. నడిపేది అర్జెంటీనా ఛాంపియన్ హువాన్ మాన్యువల్ ఫాంగియో. ఈ రెండింట్లో ఏది గొప్ప కారు అన్న వాదన ఆనాటి నుంచి ఈనాటి దాకా కార్ల పిచ్చోళ్లు ఎక్కడ కలిసినా నడుస్తూనే ఉంది. ఇంజిన్ ఎన్ని సీసీలు, గుర్రపు శక్తి ఎంత, గరిష్ఠ వేగం ఎంత అంటూ లెక్కలు తీస్తారు. ఆ లెక్కలన్నీ నిజమే. వాటిలో లేని అంశం ఒకటి ఆ సాయంత్రం 6 గంటల 26 నిమిషాలకు బయటపడింది. దానికి 80 మందికి పైగా మనుషుల ప్రాణాలు ఖర్చయ్యాయి.

స్టుట్‌గార్ట్ వెండి

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి పదేళ్లు. బాంబులకు నేలమట్టమైన ఫ్యాక్టరీల్లోంచి లేచిన మెర్సిడెస్ మళ్లీ పందేల్లో తన పేరు నిలబెట్టుకోవాలని పట్టుదలగా ఉంది. 1954లో దాని గ్రాండ్ ప్రి కారు బరిలోకి దిగీ దిగగానే గెలిచింది. ఆ కారు వంశంలో పుట్టిందే 300 ఎస్ఎల్ఆర్. దాన్ని తీర్చిదిద్దిన ఇంజినీరు రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్.

లోపల వరసగా 8 సిలిండర్లు, 2,982 సీసీ. అంత పొడవాటి ఇంజిన్ వేగంగా తిరిగితే క్రాంక్ షాఫ్టు మెలిపడే ప్రమాదం ఉంది కాబట్టి, శక్తిని చివరి నుంచి కాకుండా నడిమధ్య నుంచి బయటికి తీశారు. బానెట్ ఎత్తు తగ్గడానికి ఇంజిన్‌ను పక్కకు ఒరిగించి పెట్టారు. పెట్రోలు కార్బురేటర్ ద్వారా కాదు, బాష్ కంపెనీ పంపు నుంచి నేరుగా సిలిండర్లోకి చిమ్ముతుంది. యుద్ధ విమానాల ఇంజిన్లలో జర్మన్లకు చేయి తిరిగిన విద్య అది. మామూలు ఇంజిన్లో వాల్వును మూసేది స్ప్రింగు. ఇందులో స్ప్రింగులే లేవు. తెరిచేదీ మూసేదీ క్యామే. అందువల్ల ఇంజిన్ ఎంత వేగంగా తిరిగినా వాల్వులు తాళం తప్పవు. ఫలితం సుమారు 300 గుర్రపు శక్తి. సన్న గొట్టాలతో అల్లిన పంజరం మీద మెగ్నీషియం మిశ్రమ లోహంతో చేసిన ఒళ్లు. అల్యూమినియం కన్నా తేలిక. అయితే ఒకసారి అంటుకుంటే ఆరడం కష్టం.

ఆ ఏడాది మే 1న ఈ కారు సత్తా లోకానికి తెలిసింది. ఇటలీలో ఊళ్లూ కొండలూ దాటుకుంటూ సాగే మిల్లె మిలియా పందేన్ని స్టిర్లింగ్ మాస్ 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. సగటు వేగం గంటకు 157 కిలోమీటర్ల పైచిలుకు. పక్క సీట్లో కూర్చున్న డెనిస్ జెంకిన్సన్ అనే పత్రికా రచయిత, మలుపుల వివరాలన్నీ ముందే రాసుకున్న కాగితపు చుట్టను విప్పుకుంటూ చేతి సైగలతో దారి చెప్పాడు. గతుకుల రోడ్డయినా, ఘాట్ రోడ్డయినా ఈ కారుకు ఒకటే. వెనక చక్రాలు దేనికది విడిగా కదులుతూ నేలను వదలకుండా పట్టుకుంటాయి.

దానికి ఉన్న లోపం ఒక్కటే. బ్రేకులు. అవి పాతకాలపు డ్రమ్ బ్రేకులు.

కొవెంట్రీ ఆకుపచ్చ

జాగ్వార్ దారి వేరు. ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో విలియం లయన్స్ నడిపే ఆ కంపెనీకి ప్రపంచంలోని పందేలన్నీ గెలవాలన్న ఆశ లేదు. లె మాన్ గెలిస్తే చాలు. 24 గంటలు ఆగకుండా పరిగెత్తిన కారంటే షోరూముల్లో జనం క్యూ కడతారని లయన్స్ లెక్క. ఆ లెక్క 1951లో, 1953లో నిజమైంది కూడా.

అందుకే డి-టైప్‌ను ఆ ఒక్క సర్క్యూట్‌ను దృష్టిలో పెట్టుకునే చేశారు. దానికి రూపమిచ్చిన మాల్కమ్ సేయర్ విమాన కంపెనీలో పనిచేసి వచ్చినవాడు. ముల్సాన్ లాంటి పొడవాటి రోడ్డు మీద కారుకు అసలు శత్రువు గాలేనని అతనికి తెలుసు. బొమ్మ గీసి చెక్కడం కాదు, గణిత సూత్రాలతో ఒంపు ఒంపూ లెక్కకట్టాడు. విమానం ఒడలిలా లోహపు రేకులే బరువు మోసే నడిమి భాగం, పెట్రోలుకు విమానాల్లో వాడే తరహా రబ్బరు సంచులు, డ్రైవరు తల వెనక చేప వీపు మీది వాజంలా నిలువు రెక్క. అడ్డగాలి కొట్టినా కారు దారి తప్పకుండా నిలబెట్టేది ఆ రెక్కే.

ఇంజిన్ మాత్రం రోడ్ల మీద తిరిగే జాగ్వార్ కార్లలోనిదే. 6 సిలిండర్లు, 3,442 సీసీ, మూడు జంట వెబర్ కార్బురేటర్లు. పందెం కోసం పదును పెడితే సుమారు 270 గుర్రపు శక్తి. వెనక చక్రాలు రెండింటినీ కలిపే ఒకే గట్టి యాక్సిల్. గతుకుల మీద అది ఎగిరెగిరి పడుతుంది. లె మాన్‌లో రోడ్డు నున్నగా ఉంటుంది కాబట్టి ఆ చింత లేదు.

ఇక బ్రేకులు. డన్‌లప్ కంపెనీతో కలిసి జాగ్వార్ టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ ఏళ్ల తరబడి సాన పట్టిన డిస్క్ బ్రేకులు. ఇవాళ మన వీధిలో ఏ బైకు ముందు చక్రం చూసినా మెరుస్తూ కనిపించే ఆ గుండ్రటి బిళ్ల అప్పట్లో పెద్ద వింత. 1953లో జాగ్వార్ సి-టైప్ వాటితోనే లె మాన్ గెలిచింది. ఆ బ్రేకులతో ఆ పందెం గెలిచిన మొదటి కారు అదే.

కాగితం మీద పోలిక

పందేనికి ముందు రోజు ఎవరైనా రెండింటినీ పక్కపక్కన రాసి ఉంటే ఇలా ఉండేది.

ఇంజిన్: జాగ్వార్‌ది పెద్దది, 3,442 సీసీ. మెర్సిడెస్‌ది చిన్నది, 2,982 సీసీ.

శక్తి: చిన్న ఇంజినే ముందు. మెర్సిడెస్‌ది దాదాపు 300 గుర్రాలు, జాగ్వార్‌ది దాదాపు 270.

బరువు: ఇంచుమించు సమానం. రెండూ 900 కిలోలకు అటూ ఇటూ.

గరిష్ఠ వేగం: ఇక్కడ తిరకాసు. శక్తి తక్కువైనా ముల్సాన్ మీద జాగ్వార్ 280 కిలోమీటర్ల వేగం అందుకుంది. మెర్సిడెస్ 270 దగ్గర ఆగింది. 30 గుర్రాల లోటును సేయర్ ఒంపులు పూడ్చడమే కాక పైన ఇంకొంత ఇచ్చాయి.

మలుపుల్లో పట్టు: మెర్సిడెస్‌దే పైచేయి.

ఆగడం: జాగ్వార్‌కు తిరుగులేదు.

ఈ చివరి అంశం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కాస్త వేడి లెక్క చూడాలి. డ్రైవరు, పెట్రోలు కలుపుకుని సుమారు 1,100 కిలోల బరువు 270 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. దాన్ని నిలబెట్టాలంటే బ్రేకులు మింగాల్సిన వేడితో 9 లీటర్ల చన్నీళ్లను మరిగించొచ్చు. అదంతా కొన్ని సెకన్లలో పుడుతుంది. నాలుగు నిమిషాలకోసారి మళ్లీ పుడుతుంది. అలా 24 గంటలు.

డ్రమ్ బ్రేకులో ఆ వేడి పోయే దారి తక్కువ. మూసిన డబ్బాలాంటి డ్రమ్ములో బ్రేకు షూలు లోపలి నుంచి బయటికి ఒత్తుతాయి. వేడెక్కిన డ్రమ్ము సాగి షూల నుంచి దూరం జరుగుతుంది. లైనింగు కాలి జారుడు పడుతుంది. పెడల్ తొక్కిన కొద్దీ లోపలికి పోతుంది, కారు మాత్రం ఆగదు. డిస్క్ బ్రేకులో బిళ్ల బాహాటంగా గాలిలో తిరుగుతుంది. రెండు ప్యాడ్లు దాన్ని రెండు వైపుల నుంచి పట్టి నొక్కుతాయి. వేడికి బిళ్ల ఉబ్బితే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది. వేడి గాలిలో కలిసిపోతుంది.

ఈ సంగతి మెర్సిడెస్ వాళ్లకు తెలియక కాదు. తెలుసు కాబట్టే డ్రైవరు వెనక ఆ రేకు పెట్టారు. 1952లోనే లె మాన్ ప్రాక్టీసులో తమ 300 ఎస్ఎల్ కారు పైకప్పు మీద అలాంటిదాన్ని పరీక్షించి చూశారు. గాలి చేత బ్రేకు వేయిస్తే డ్రమ్ముల మీద భారం తగ్గుతుంది. పనితనం ఉన్న ఉపాయమే. కాకపోతే అది ముందుగా తెలిసిన మలుపు కోసం చేసిన ఏర్పాటు. హఠాత్తుగా అడ్డొచ్చిన దానికోసం కాదు.

రెండున్నర గంటల వేట

సాయంత్రం 4 గంటలకు జెండా ఊగింది. లె మాన్ సంప్రదాయం ప్రకారం డ్రైవర్లు రోడ్డుకు ఒక పక్క నిలబడి, రెండో పక్కన బారు తీరిన తమ కార్ల దగ్గరికి పరిగెత్తుకుంటూ వెళ్లి ఎక్కాలి. ఫాంగియో దూకి కూర్చోబోతే గేరు రాడ్ అతని ప్యాంటు కాలులోకి దూరింది. అది వదిలించుకునేలోపు కార్లన్నీ వెళ్లిపోయాయి. మొదట ఆధిక్యంలోకి వెళ్లింది కాస్తెల్లొట్టి నడిపిన ఫెరారీ.

ఆ తర్వాత మొదలైంది వేట. హాథార్న్ ఫెరారీని పట్టుకున్నాడు. వెనకబడిపోయిన ఫాంగియో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి హాథార్న్‌ను పట్టుకున్నాడు. ఇంకా 21 గంటల పందెం మిగిలి ఉందన్న సంగతి మరిచిపోయినట్టు ఇద్దరూ గ్రాండ్ ప్రి ఆడేస్తున్నారు. మలుపుల్లోంచి బయటికి వచ్చేటప్పుడు మెర్సిడెస్ ముందుకు దూకేది. రోడ్డు చివర జాగ్వార్ ఆ దూరాన్ని బ్రేకుతో రాబట్టుకునేది. ల్యాప్ రికార్డు పదేపదే బద్దలైంది. చివరికి హాథార్న్ 4 నిమిషాల 6.6 సెకన్లకు దించాడు. కిందటేడాది రికార్డు కన్నా 10 సెకన్లు తక్కువ. ల్యాప్ మొత్తం మీద సగటు వేగమే గంటకు దాదాపు 197 కిలోమీటర్లు.

ఇక్కడొకసారి ఆగి రోడ్డు సంగతి చూద్దాం. ఈ పందెం మొదలైంది 1923లో. ఆ ఏడు గెలిచిన కారు సగటు వేగం గంటకు 92 కిలోమీటర్లు. ముప్పై రెండేళ్లలో కార్ల వేగం రెట్టింపు దాటింది. పిట్‌ల ముందు రోడ్డు మాత్రం ఆనాటి పల్లెదారి వెడల్పుకు దగ్గరగానే ఉంది. కుడివైపున మరమ్మతు పిట్‌లు. పిట్‌లకూ రోడ్డుకూ మధ్య గోడ లేదు, వేగం తగ్గించుకోవడానికి వేరే దారి లేదు. పెట్రోలు కోసం ఆగాల్సిన కారు, 240 మీద దూసుకుపోతున్న కార్ల మధ్యనే బ్రేకు వేసి పక్కకు తీసి ఆగాలి. ఎడమవైపున ఒక మట్టి గట్టు. గట్టు వెనకే జనం. ఆ ఏడాది వచ్చినవాళ్లు రెండున్నర లక్షల మంది అని అంచనా.

ఆరు గంటల ఇరవయ్యారు నిమిషాలు

35వ ల్యాప్ ముగింపు. హాథార్న్ ముందున్నాడు. అప్పుడే మరో మెర్సిడెస్‌ను ఒక ల్యాప్ వెనకేసి వస్తున్నాడు. ఆ కారు నంబరు 20. నడిపేది 49 ఏళ్ల ఫ్రెంచి డ్రైవరు, పందేల్లో పియర్ లెవెగ్ అనే పేరుతో ప్రసిద్ధుడు. దానికి వెనకే ఫాంగియో.

లెవెగ్‌ది లె మాన్‌తో తీరని లెక్క. 1952లో ఇదే పందెంలో టాల్బో కారును సహ డ్రైవరుకు ఇవ్వకుండా దాదాపు 23 గంటలు ఒక్కడే నడిపాడు. గెలుపు చేతికందే వేళకు ఇంజిన్ చెడింది. ఆ ఏడాది కప్పు ఎగరేసుకుపోయింది మెర్సిడెసే. ఆ పట్టుదల చూసే మెర్సిడెస్ టీమ్ మేనేజర్ ఆల్ఫ్రెడ్ నాయ్‌బౌర్ ఈసారి తన కారు అతని చేతికిచ్చాడు. సహ డ్రైవరు అమెరికాకు చెందిన జాన్ ఫిచ్. తన వంతు కోసం పిట్‌లో సిద్ధంగా ఉన్నాడు.

హాథార్న్‌కు పిట్‌లోకి రమ్మని పిలుపు అందింది. ఎదురుగా నెమ్మదిగా పోతున్న ఆస్టిన్-హీలీ కారు ఒకటుంది. నడిపేది లాన్స్ మ్యాక్లిన్. హాథార్న్ దాన్ని ఎడమ నుంచి దాటాడు. దాటి కుడివైపుకు వచ్చి, పిట్ కోసం బ్రేకు వేశాడు. డిస్క్ బ్రేకు తన పని తాను చేసింది. జాగ్వార్ వేగం ఒక్కసారిగా పడిపోయింది.

మ్యాక్లిన్ కళ్ల ముందు జాగ్వార్ వెనక భాగం పెద్దదైపోతోంది. అతనూ గట్టిగా బ్రేకు తొక్కాడు. అతని కారుకూ నాలుగు చక్రాలకూ డిస్కులే. అయినా చాల్లేదు. కారు ఎడమవైపుకు తిరిగింది. సరిగ్గా రెండు మెర్సిడెస్‌లు వస్తున్న దారిలోకి.

240 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 66 మీటర్లు. ప్రమాదాన్ని కన్ను చూసి, కాలికి కబురందే లోపే కారు అంత దూరం పోతుంది. లెవెగ్‌కు గాలి రేకు లేపే వ్యవధి లేదు, బ్రేకుకూ లేదు, తప్పించుకోవడానికి పక్కన చోటూ లేదు. ఆ చివరి క్షణంలో లెవెగ్ చెయ్యెత్తి తనను హెచ్చరించాడని, అదే తన ప్రాణం కాపాడిందని ఫాంగియో తర్వాత చెప్పాడు.

మెర్సిడెస్ ముందు చక్రం హీలీ వెనక వాలు మీదికి ఎక్కింది. ఆ వాలే దాన్ని గాల్లోకి లేపింది. కారు ఎగిరి ఎడమవైపు గట్టును గుద్దుకుంది. ఇంజిన్, ముందు యాక్సిల్, బానెట్ ఊడి జనం మీదుగా దూసుకుపోయాయి. లెవెగ్ అక్కడికక్కడే మరణించాడు. గట్టు మీద మిగిలిన కారు అంటుకుంది. మెగ్నీషియం తెల్లటి వెలుగుతో మండింది. నీళ్లు కొట్టిన కొద్దీ మంట పెరిగింది. మండే మెగ్నీషియానికి నీరు తగిలితే హైడ్రోజన్ పుడుతుంది. అగ్నిమాపక సిబ్బందికి అప్పుడు ఆ సంగతి ఆలోచించే వ్యవధి ఎక్కడ?

ఫాంగియో ఆ పొగలోంచి ఎలాగో బయటపడ్డాడు. హీలీ గిరగిరా తిరిగి పిట్ వైపు కొట్టుకుని ఆగింది. మ్యాక్లిన్ బతికాడు. హాథార్న్ తన పిట్ దాటి ముందుకు వెళ్లిపోయాడు. ఇంకో చుట్టు తిరిగి వచ్చి కారు దిగేసరికి మనిషి మనిషిగా లేడు. అతని నుంచి స్టీరింగ్ అందుకోవాల్సిన ఐవర్ బ్యూబ్‌కు ఇదే మొదటి లె మాన్. కళ్లారా అదంతా చూసి, ఆ కారే ఎక్కి, ఆ రోడ్డు మీదకే వెళ్లాల్సి వచ్చింది.

ఆగని పందెం

పందెం ఆగలేదు. నిర్వాహకుడు షార్ల్ ఫరూ ఆపనివ్వలేదు. ఆపితే లక్షల మంది ఒక్కసారిగా రోడ్ల మీద పడతారని, అంబులెన్సులు కదలవన్నది ఆయన చెప్పిన కారణం. ఆ నిర్ణయాన్ని తిట్టినవాళ్లున్నారు, సమర్థించినవాళ్లూ ఉన్నారు. సర్క్యూట్ అవతలి చివర ఉన్న ప్రేక్షకుల్లో చాలామందికి ఏం జరిగిందో గంటల తరబడి తెలియనే లేదు.

రాత్రి గడిచే కొద్దీ మృతుల సంఖ్య పెరుగుతూ పోయింది. జర్మన్ కారు ఫ్రెంచి గడ్డ మీద ఇంతమందిని చంపిందన్న మాట పదేళ్ల నాటి యుద్ధాన్ని ఎక్కడ గుర్తుచేస్తుందోనన్న బెంగ మెర్సిడెస్ శిబిరంలో మొదలైంది. పందెం నుంచి తప్పుకుందామని అడిగినవాళ్లలో ఫిచ్ ఒకడు. స్టుట్‌గార్ట్‌లో డైరెక్టర్లను ఫోన్లలో పట్టుకుని, నిర్ణయం రాబట్టేసరికి అర్ధరాత్రి దాటింది. అప్పటికి ఫాంగియో, మాస్‌ల కారు జాగ్వార్ కన్నా రెండు ల్యాపులు ముందుంది. గెలుపు ఖాయంగా కనిపిస్తున్న ఆ కారును నాయ్‌బౌర్ చడీచప్పుడు లేకుండా పిట్‌లోకి పిలిపించి, సామాను సర్దించాడు. మీరూ తప్పుకోరా అని జాగ్వార్ మేనేజర్ లాఫ్టీ ఇంగ్లండ్‌ను మెర్సిడెస్ వాళ్లు అడిగారు. తమవైపు తప్పేమీ లేదని ఆయన ఒప్పుకోలేదు.

ఆదివారం వానలో హాథార్న్, బ్యూబ్ గెలిచారు. 24 గంటల్లో 4,135 కిలోమీటర్లు, సగటున గంటకు 172. విజేతగా షాంపేన్ సీసాతో నవ్వుతున్న హాథార్న్ ఫొటో పత్రికల్లో చూసి ఫ్రాన్స్ మండిపడింది. జాగ్వార్ యజమాని లయన్స్‌కు ఆ గెలుపు మీద మనసు లేదు. పందేనికి కొద్ది రోజుల ముందు, లె మాన్‌కే వస్తూ, ఆయన ఒక్కగానొక్క కొడుకు జాన్ ఫ్రాన్స్ రోడ్డు మీద కారు ప్రమాదంలో చనిపోయాడు.

ఎవరిది గెలుపు?

మరి ఏ కారు గొప్పది? అదే సెప్టెంబరులో ఉత్తర ఐర్లండులోని డండ్రాడ్‌లో రెండూ మళ్లీ ఎదురుపడ్డాయి. ఇరుకు రోడ్ల పందెం. హాథార్న్ జాగ్వార్‌లో అందరికన్నా వేగంగా ల్యాప్ తిరిగాడు. చివర్లో ఇంజిన్ మొరాయించింది. గెలిచింది మాస్, ఫిచ్‌ల మెర్సిడెస్. ఆ ఏడాది స్పోర్ట్స్ కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా మెర్సిడెస్‌కే దక్కింది. ఏ రోడ్డు మీదకైనా పంపగల కారు కావాలంటే 300 ఎస్ఎల్ఆర్‌దే పైచేయి అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆ సీజన్ ముగియగానే మెర్సిడెస్ పందేల నుంచి వైదొలిగింది. కంపెనీ జట్టు మళ్లీ ట్రాకుల మీద కనిపించడానికి దశాబ్దాలు పట్టింది.

లె మాన్ మట్టుకు చూస్తే డి-టైప్‌కు ఎదురు లేదు. 1956లోనూ, 1957లోనూ అదే గెలిచింది. 1957లో మొదటి నాలుగు స్థానాలూ దానివే. బ్రేకుల వాదన కూడా అది గెలిచేసింది. 1955 అక్టోబరులో పారిస్‌లో సిట్రోయెన్ డిఎస్ కారు ముందు చక్రాలకు డిస్కులతో జనం ముందుకొచ్చింది. మెర్సిడెస్ 1961లో తన 300 ఎస్ఎల్ రోడ్‌స్టర్‌కు అవే బిగించింది.

ధరల తీర్పు మాత్రం మెర్సిడెస్ వైపే మొగ్గింది. 1956 లె మాన్ గెలిచిన డి-టైప్ 2016లో 2 కోట్ల 17 లక్షల డాలర్లకు పైగా పలికింది. మొత్తం తొమ్మిదే తయారైన 300 ఎస్ఎల్ఆర్‌లలో పైకప్పున్న ఒక కూపే 2022లో 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడైంది. వేలంలో ఏ కారుకూ అప్పటిదాకా అంత ధర రాలేదు.

ప్రమాదానికి బాధ్యులెవరన్న ప్రశ్న మీద వాదన ఇంకా తెగలేదు. అధికారిక విచారణ ఏ డ్రైవరునూ దోషిగా తేల్చలేదు. హాథార్న్ 1958లో రాసిన ఆత్మకథ చదివి, తప్పు తన మీదికి నెడుతున్నాడని మ్యాక్లిన్ కోర్టుకెక్కాడు. ఆ దావా తేలకముందే, 1959 జనవరిలో, ఇంగ్లండు రోడ్డు మీద తన జాగ్వార్‌లో ఒక మెర్సిడెస్‌ను దాటి దూసుకుపోతూ హాథార్న్ ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అప్పటికి మూడు నెలల క్రితమే అతను ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

300 ఎస్ఎల్ఆర్‌కు డిస్క్ బ్రేకులే ఉండి ఉంటే లెవెగ్ బతికేవాడా? సెకనుకు 66 మీటర్ల వేగంలో, పెడల్ దాకా కాలు పోయే వ్యవధి కూడా లేని చోట, ఏ బ్రేకు అయినా చేసేదేముంది? హాథార్న్ అంత ఆలస్యంగా ఎందుకు బ్రేకు వేయగలిగాడో కారు వివరాలు చెబుతాయి. ఆ ఒక్క బ్రేకు అంతమందిని ఎందుకు బలి తీసుకుందో చెప్పేది రోడ్డు. ఒక కారు ఉన్నచోటే ఆగగలదు, మరొకటి ఆగలేదు. రెండింటినీ ఒకే ఇరుకు దారిలో, పిట్‌లకూ జనానికీ మధ్య నుంచి నడిపించారు. గరిష్ఠ వేగం, గుర్రపు శక్తి, బ్రేకుల రకం అన్నీ పోల్చినవాళ్లలో ఆ దారి వెడల్పెంత, పక్కన గోడ ఉందా అని అడిగినవాళ్లు అప్పటిదాకా అరుదు. తర్వాత అడిగారు. పాత పిట్‌లు పడగొట్టారు, రోడ్డు వెడల్పు చేశారు, ప్రేక్షకుల స్టాండ్లు వెనక్కి జరిపారు. స్విట్జర్లండ్ సర్క్యూట్ పందేలనే నిషేధించింది. ఆ నిషేధం దశాబ్దాల పాటు కొనసాగింది.

ఆ ప్రశ్నను జీవితాంతం వదలనివాడు ఒకడున్నాడు. లెవెగ్ తర్వాత అదే కారు ఎక్కాల్సిన జాన్ ఫిచ్. యుద్ధంలో ఫైటర్ పైలట్‌గా పనిచేసిన ఈ అమెరికన్, పందేలు మానేశాక రోడ్డు భద్రత పనిలో పడ్డాడు. హైవే మీద వంతెన స్తంభాలు, దారులు చీలే చోట్ల ముందు ఇసుక నింపిన ప్లాస్టిక్ పీపాలు వరసగా పెట్టే పద్ధతిని కనిపెట్టాడు. ముందు వరసలో ఇసుక తక్కువ, వెనక్కి పోయే కొద్దీ ఎక్కువ. అదుపు తప్పిన కారు ఒక్కో పీపానూ చీల్చుకుంటూ, ఒక్కసారిగా కాకుండా అంచెలంచెలుగా ఆగుతుంది. అందులో ఉన్న మనిషి బతుకుతాడు. ఫిచ్ బ్యారియర్ అని పేరుపడ్డ ఆ పీపాలు అమెరికా హైవేల మీద వేలాది ప్రాణాలు కాపాడాయి. కారుకు ఎంత గొప్ప బ్రేకు ఉన్నా, అది చాలని రోజు కోసం రోడ్డుకు కూడా ఒక బ్రేకు ఉండాలన్నది ఫిచ్ పట్టుకున్న సూత్రం. జాగ్వార్, మెర్సిడెస్‌ల పోలిక ఎవరు రాసినా, రోడ్డు అనే వరస కూడా కలిపితేనే లెక్క పూర్తవుతుంది.